పుట్టగానే ఏడవని బిడ్డకు మెదడు దెబ్బతిందో లేదో రక్తపరీక్షలో తెలిసిపోతుందా?

తెలియదండీ, ఒక్క పరీక్షతో అయితే అస్సలు తెలియదు. మా చెల్లెలి కొడుకు కందుకూరులో పుట్టినప్పుడు ఏడవలేదు, ఒళ్ళంతా నీలంగా ఉన్నాడు, నర్సమ్మ బ్యాగుతో గాలి కొట్టాక గానీ కదల్లేదు. వెంటనే అంబులెన్సులో నెల్లూరు తీసుకెళ్ళాం.

అక్కడ మా బావ చేతిలో ఒక రిపోర్టు పెట్టారు. లాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే ఆమ్లం) ఎక్కువ, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైము) ఎక్కువ. ఆయన దాన్ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, ఇంకేముంది, ఒంగోలు నుంచి మా పెదనాన్న "బిడ్డ దక్కినా మామూలుగా ఉండడు" అని తేల్చేశాడు. ఆయన చేసేది పొగాకు వ్యాపారం.

రాత్రి డ్యూటీ డాక్టరమ్మ మాత్రం ఆ కాగితం పక్కన పెట్టి, వాడి తల కొంచెం ఎత్తి చేతిలోకే వదిలింది. ఉలిక్కిపడినట్టు రెండు చేతులూ చాచి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు, పసిబిడ్డ మెదడు పనిచేస్తోందనడానికి అదొక మంచి గుర్తు. నోట్లో వేలు పెడితే చప్పరించాడు. నా లెక్కలో ఆ చప్పరింత ముందు ఏ రిపోర్టూ పనికిరాదు. లాక్టేట్ ఒంట్లో ఎక్కడ ఆక్సిజన్ తగ్గినా పెరుగుతుందట, ఎంత త్వరగా దిగుతోందో చూడాలంది డాక్టరమ్మ. మడమ పిండి తీసిన రక్తంలో ఎర్రకణాలు పగిలితే ఎల్‌డీహెచ్ ఊరికే పెరిగిపోతుందట. ఎన్‌ఎస్‌ఈ అని మెదడు నుంచి వచ్చేది ఇంకోటుంది, దానిదీ ఇదే గొడవ, ఎర్రకణాల్లోనూ ఉంటుంది. ఎస్100బీ, జీఎఫ్‌ఏపీ లాంటి మెదడు ప్రోటీన్ల పరీక్షలు ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయి.

నన్ను అడిగితే అసలు చేయాల్సింది పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో పీహెచ్, అంటే ఆమ్లం ఎంతుందో చూడడం, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువున్నట్టు. 7.0 కంటే తక్కువైతే జాగ్రత్త పడాలి. కాన్పుకు అంతంత బిల్లు వేసేవాళ్ళు ఈ ఒక్కటీ ఎందుకు చేయరో! మెదడుకు దెబ్బ తగ్గించడానికి బిడ్డను చల్లబరిచే వైద్యం చేయాలంటే పుట్టిన 6 గంటల లోపే మొదలుపెట్టాలి, ఒంటి వేడిని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచాలి. మావాడికి అది చేయలేదని మా వాళ్ళు గొడవ పెట్టుకున్నారు గానీ, 2021లో వచ్చిన హెలిక్స్ అధ్యయనంలో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక పిల్లలకు దానివల్ల మేలు జరగలేదు, పైగా మరణాలే పెరిగాయి. అమెరికా వీడియోలు చూసి డాక్టర్ల మీద అరిచేవాళ్ళకు ఇది ఎవరు చెప్పాలి.

మీరైతే ఫిట్స్ వస్తున్నాయా, పాలు చప్పరిస్తున్నాడా అని అడగండి. ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష), ఎంఆర్‌ఐ (మెదడు స్కాన్) ఎప్పుడు తీస్తారో కనుక్కోండి, అక్కడ లేకపోతే ఉన్నచోటికి రాసివ్వమనండి.