చెట్టు మీద రంపం పెట్టించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంటి పక్క చెట్టు కొట్టించాలా, కొమ్మలు తీయిస్తే చాలా అన్నది కొట్టే పనివాణ్ణే అడగకు బాబూ. చెట్ల ఆరోగ్యం తెలిసినవారిని వేరే పిలిపించి, కొట్టే పని మీకివ్వనని ముందే చెప్పి, వారి అభిప్రాయం రాయించుకో. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు లేచినా, ఒకవైపు నేల ఉబ్బి పగిలినా, ఈమధ్యే కొత్తగా ఒరిగినా, పంగలో నిలువు చీలిక కనిపించినా ఆలస్యం చేయకు. తొర్ర ఉందన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. చుట్టూ గట్టి చెక్క తగినంత మందంగా మిగిలి ఉంటే అలాంటి చెట్టు ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

కొమ్మలు తీసేవాణ్ణి ‘ఎలా కోస్తావు?’ అని అడుగు. పైనంతా మొండిగా నరికేస్తానంటే పంపించెయ్. అలా నరికిన చోట కుళ్ళు పడుతుంది, గుబురుగా వచ్చే చిగుళ్ళకు పట్టు ఉండదు, అవి బరువెక్కాక గాలికి విరిగి పడతాయి. పచ్చటి కొమ్మల్లో ఏడాదికి పావు వంతు మించి తీయకూడదు, ముసలి చెట్టుకైతే ఇంకా తక్కువ.

పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు 30 సెంటీమీటర్ల దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోసి, దానికి కాస్త అవతల పై నుంచి కోస్తే బెరడు చీలకుండా కొమ్మ పడుతుంది. మిగిలిన మోడును, కొమ్మ మానుకు కలిసే చోట ఉబ్బెత్తుగా ఉండే మెడకు సరిగ్గా బయట కోయాలి. గాయాన్ని మూసేది ఆ మెడే, దాన్ని తాకనివ్వకు. కోసిన చోట రంగు, సిమెంటు వద్దు. మేకుల బూట్లతో ఎక్కడం కొట్టేసే చెట్టుకే తగును, బతకాల్సిన చెట్టుకు ప్రతి మేకూ ఒక గాయం.

కొట్టించక తప్పదంటే ముందు అనుమతి సంగతి కనుక్కో, చాలా ఊళ్ళలో సొంత పెరట్లో చెట్టుకైనా అది కావాలి. తీగలు దగ్గరగా ఉంటే కరెంటువాళ్ళు వచ్చి సరఫరా ఆపాకే పని మొదలవ్వాలి. ‘మేం చూసుకుంటాం’ అన్న మాటకు ఒప్పుకోకు. చోటు ఇరుకైతే పై నుంచి ముక్కలుగా కోసి తాళ్ళతో దించాలి, కింద మనుషులెవరూ రాకుండా చూసేవాడు ఒకడుండాలి.

కలప ఎవరిది, చెత్త ఎవరు ఎత్తాలి, గోడ పగిలితే ఖర్చెవరిది, అన్నీ కాగితం మీద ఉండాలి. బీమా పత్రం చూపిస్తే ఆ బీమా కంపెనీకే ఫోన్ చేసి నిజమో కాదో తెలుసుకో. డబ్బంతా ముందే ఇవ్వకు. మొద్దును నేలమట్టానికి 20–30 సెంటీమీటర్ల లోతు దాకా యంత్రంతో తురిమించవచ్చు. యంత్రం దించే ముందు నీటి గొట్టాలు, కేబుళ్ళు ఎటు పోతున్నాయో నువ్వే దగ్గరుండి చూపించు.