షిమ్లాలో క్రిస్మస్‌కి చీటీ పాడాలా?

ప్రశ్న: మాది విజయనగరం. కంటోన్మెంట్ దగ్గర చిన్న బట్టల షాపు ఉంది. అల్లుడు సైన్యంలో పనిచేస్తారు, షిమ్లాలో క్వార్టర్ ఇచ్చారు. డిసెంబర్‌లో సెలవు దొరకదట. రెండేళ్లుగా అమ్మాయి లేకుండానే క్రిస్మస్ చేసుకుంటున్నాం, ఈసారి మేమే వెళ్లాలనుంది. నేను, మావారు, అత్తగారు (74 ఏళ్లు, బీపీ ఉంది), ఇద్దరబ్బాయిలు. విమానం, కారు, మూడు రాత్రులు హోటల్ కలిపి ట్రావెల్స్‌వాళ్లు 1,30,000 చెప్పారు. 2 లక్షల చీటీ నడుస్తోంది, పోయిన నెల 36,000 తగ్గింపుకి పాట పోయింది. చిన్నవాడి ఇంజినీరింగ్ ఫీజుకని 1,50,000 ఎఫ్‌డీ ఉంది. చీటీ వాయిదా కట్టాక నెలకి ఏడెనిమిది వేలు మిగులుతాయి. చీటీ పాడమంటారా, ఎఫ్‌డీ తీయమంటారా, రెండు రూపాయల వడ్డీకి తెమ్మంటారా?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. జూన్‌లోనే అడిగారు కాబట్టి ఈ మూడింట్లో ఏదీ అక్కర్లేదు.

ఇప్పుడు చీటీ పాడితే 36,000 వదులుకోవాలి, వాయిదాలు మాత్రం ఆఖరి నెలదాకా కట్టాల్సిందే. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 1,30,000కి నెలనెలా వడ్డీయే 2,600 అవుతుంది. ఎఫ్‌డీ ముందే తీస్తే బ్యాంకులు మామూలుగా వడ్డీ రేటులో అర శాతం నుంచి ఒక శాతం కోస్తాయి. నష్టం చిన్నదే గానీ అది పిల్లవాడి ఫీజు, కదపకండి.

నా అసలు భయం మీ సంక్రాంతి సరుకు గురించి. డిసెంబర్‌లోనే కదా పండగ బట్టలు దింపుకుంటారు. ఆ డబ్బూ ప్రయాణం డబ్బూ ఒకే గల్లాపెట్టెలో ఉంటే, షిమ్లాలో చేతికొచ్చేది సరుకు డబ్బే. తిరిగొచ్చాక సరుకు కోసం అదే రెండు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కాలి. షాపు నడుపుకునే ఇళ్లలో నేను ఎక్కువగా చూసే చిక్కు ఇదే. అందుకే ప్రయాణానికని విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. జూలై నుంచి నవంబర్ దాకా ఒకటో తారీఖున 7,000 వేస్తే 35,000. దసరా, సిరిమాను రోజుల గిరాకీలో వచ్చిన లాభం నుంచి 20,000 తీసి అందులోనే వేయండి. మొత్తం 55,000.

అది సరిపోతుందా అంటే, అమ్మాయివాళ్ల క్వార్టర్‌లోనే దిగి హోటల్, విమానం మానుకుంటే సరిపోతుంది. సమతా ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదుగానే ఢిల్లీలోని నిజాముద్దీన్ స్టేషన్‌కి వెళ్తుంది. థర్డ్ ఏసీలో ఐదుగురికి రానూపోనూ 25,000 లోపే అవుతుంది. ఢిల్లీ నుంచి కాల్కా మీదుగా షిమ్లాకి 10,000, చలి బట్టలకి 8,000, దారిలో తిండికీ ఆటోలకీ 6,000, చేతిలో ఉంచుకోవడానికి మరో 6,000. కాల్కా నుంచి పైకి వెళ్లే 96 కిలోమీటర్ల బుల్లి రైలు 1903 నాటిది, పిల్లలకి అది తప్పకుండా చూపించండి.

టికెట్ల డబ్బు మాత్రం డిసెంబర్‌లో కాదు, అక్టోబర్‌లో కావాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే. డిసెంబర్ 20న బయల్దేరాలంటే అక్టోబర్ 21 ఉదయం 8 గంటలకి బుకింగ్ మొదలవుతుంది. జనవరి 2న తిరుగు ప్రయాణమైతే నవంబర్ 3న. ఆ రైలు రోజూ ఉండదు, ఏ రోజుల్లో నడుస్తుందో ముందే చూసుకోండి. జూలై నుంచి అక్టోబర్ దాకా వేసిన 28,000 సరిగ్గా దీనికే.

మంచు సంగతి. షిమ్లాలో క్రిస్మస్ నాటికి మంచు పడి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొన్నేళ్లు చలి, ఎండ తప్ప ఏమీ ఉండదు. ‘మంచులో క్రిస్మస్’ అని అమ్మే హోటల్ ప్యాకేజీలకి అడ్వాన్సు కట్టకండి, ఆ వారం రేట్లు ఏడాది మొత్తంలోకీ మండిపోతాయి. మంచు పడిందని తెలిస్తే ఎత్తులో ఉన్న కుఫ్రీకో నార్కండాకో ఒక పూట వెళ్లి రండి. లాంగ్‌కోట్లు, గమ్‌బూట్లు అక్కడ అద్దెకి దొరుకుతాయి. పండగ నాటి ఆరాధనకి షిమ్లా నడిబొడ్డున ఉన్న రిడ్జ్ మైదానం మీద 1857లో ప్రతిష్ఠించిన క్రైస్ట్ చర్చి ఉండనే ఉంది.

పొదుపు చూడకూడనిది అత్తగారి విషయంలోనే. షిమ్లా సుమారు 2,200 మీటర్ల ఎత్తు, చలికి బీపీ పెరగొచ్చు. నవంబర్‌లోనే డాక్టర్‌కి చూపించి, నెలకి సరిపడా మందులు చేతి సంచిలో పెట్టండి. మంచి థర్మల్ జత ఆవిడకే ముందు కొనండి. రైల్లో వృద్ధుల రాయితీ 2020 మార్చి నుంచి లేదు గానీ, బుక్ చేసేటప్పుడు వయసు సరిగ్గా వేస్తే కింది బెర్తు వచ్చే అవకాశం ఎక్కువ.

మధ్యలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోక ఈ డబ్బు వాడాల్సి వస్తే, ఎఫ్‌డీ మీద లోను తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి, రెండు శాతమే ఎక్కువ పడుతుంది. ఫీజు కట్టే లోపు తీర్చేయాలి.

ఢిల్లీ నుంచి షిమ్లా టికెట్లు తామే తీస్తామని అమ్మాయి, అల్లుడు అంటే కాదనకండి. మొహమాటపడి వద్దంటే ఆ 10,000 మళ్లీ మీ గల్లాలోంచే పోతుంది. వాళ్లు తీస్తే ఆ డబ్బుని సంక్రాంతి సరుకులో కలపండి.