తిర్యక్ అంటే నిలువా, అడ్డమా?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ద్విభాషా పాఠ్యపుస్తకంలో తరంగాల గురించి తెలుగు పుట చదివేటప్పుడు మాకు కొన్ని అనుమానాలు వచ్చాయి. తిర్యక్ తరంగమంటే నిలువు తరంగమనీ, అనుదైర్ఘ్య తరంగమంటే అడ్డ తరంగమనీ గుర్తుపెట్టుకోమని ట్యూషన్‌లో చెప్పారట. తిర్యక్ అనే మాటకు నిలువు అనే అర్థం ఉందా? ఆర్కే బీచిలో మేము చూసే కెరటం ఈ రెంటిలో ఏది? అల, కెరటం, తరంగం ఒకటే అయితే ‘ధ్వని కెరటం’ అని ఎందుకు రాయకూడదు? పౌనఃపున్యంలో విసర్గ తప్పనిసరా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: తిర్యక్ శబ్దానికి నిలువు అనే అర్థం లేదు. అడ్డముగా, వాలుగా అని దాని అర్థం. పశుపక్ష్యాదులను మన పురాణభాష తిర్యక్కులు, తిర్యగ్జంతువులు అని పిలవడం కూడా అవి మనిషిలా నిటారుగా కాక ఒడలిని నేలకు అడ్డంగా చాచి సంచరిస్తాయన్న భావంతోనే. మీ అమ్మాయి గణిత పుస్తకంలో సమాంతర రేఖలను ఖండించే గీతను తిర్యగ్రేఖ అన్నారు; అక్కడి తిర్యక్కూ ఇక్కడి తిర్యక్కూ ఒకటే. కాబట్టి ట్యూషన్‌లో చెప్పిన గుర్తు మాట అర్థానికి సరిగ్గా ఎదురు నిలుస్తోంది. అయితే ఆ పొరపాటు ఊరికే పుట్టలేదు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో తరంగం ఎప్పుడూ ఎడమనుంచి కుడికి సాగుతుంది, కణాల కదలికను చూపే బాణాలు పైకీ కిందికీ ఉంటాయి. ఆ బాణాలను చూసినవారికి తిర్యక్ అంటే నిలువు అనిపించడంలో వింత లేదు.

అడ్డం అన్నప్పుడు దేనికి అడ్డం అని అడగాలి. ఇక్కడ నేలకు అడ్డమని కాదు, కాగితానికి అడ్డమనీ కాదు. తరంగం సాగే దిశకు అడ్డంగా, అంటే లంబంగా, యానకంలోని (తరంగం సాగే గాలి, నీరు, తాడు వంటి పదార్థంలోని) కణాలు కంపిస్తే అది తిర్యక్ తరంగం. బావిలోకి వేలాడే చేంతాడును పైన పట్టుకొని ఒక్కసారి పక్కకు విదిలించి చూడండి. ఆ వంపు తాడు వెంట కిందికి జారుతూ పోతుంది, తాడులోని ప్రతి భాగమూ కుడియెడమలకు మాత్రమే ఊగుతుంది. తరంగం నిలువుగా పోతోంది, కంపనం అడ్డంగా ఉంది. అయినా అది తిర్యక్ తరంగమే. గచ్చు మీద పరచిన స్ప్రింగును పక్కలకు ఊపినా అంతే. అందులో నిలువు కదలిక బొత్తిగా లేదు.

అనుదైర్ఘ్యం సంగతీ ఇలాంటిదే. అను అంటే వెంట, దైర్ఘ్యం అంటే పొడవు; తరంగం సాగే పొడవు వెంటనే కణాలు ముందుకూ వెనక్కూ కంపించడం అనుదైర్ఘ్యం. భూకంప నాభికి సరిగ్గా పైన నిలబడినవారి వద్దకు కిందినుంచి మొదట వచ్చే పి తరంగం నేలను పైకీ కిందికీ కుదుపుతుంది. ‘నిలువు’ గుర్తు పెట్టుకున్న విద్యార్థి దానిని తిర్యక్ తరంగమని రాస్తాడు, కాని అది అనుదైర్ఘ్యమే; దాని వెనక వచ్చి నేలను పక్కలకు ఊపే ఎస్ తరంగమే తిర్యక్. గాలిలో ధ్వని కూడా అనుదైర్ఘ్య తరంగమే. గాలి కణాలు ఒకచోట దగ్గరపడితే సంపీడనం, ఒకచోట ఎడమైతే విరళీకరణం. ఈ రెండో మాటకు పిల్లలు భయపడతారు గాని దాని మూలం మనకు కొత్తది కాదు. అవిరళ కృషి అని రోజూ పత్రికల్లో చదువుతున్నాం, అంటే ఎడం లేని కృషి అని. అందులోని ‘అ’ తీసేస్తే మిగిలేది విరళం.

ఇక మీ బీచి కెరటం. అది పూర్తిగా తిర్యక్కూ కాదు, పూర్తిగా అనుదైర్ఘ్యమూ కాదు. నీటి ఉపరితలం మీద సాగే అలలో ప్రతి నీటి కణమూ దాదాపు ఒక వలయంలో తిరుగుతుంది: అల శిఖరం తన మీదుగా పోతున్నప్పుడు పైకి లేచి ముందుకు, పల్లం పోతున్నప్పుడు కిందికి దిగి వెనక్కు. తాగి పారేసిన కొబ్బరిబొండం ఒకటి కెరటాలు విరిగే గీతకు అవతల తేలుతుంటే కాసేపు దానినే గమనించండి. ఒక్కొక్క అల దాని కిందుగా పోతుంది, బొండం లేచి కొద్దిగా ముందుకు వచ్చి, దిగి కొద్దిగా వెనక్కు పోయి, ఇంచుమించు ఉన్నచోటనే ఉంటుంది. లోతుకు పోయినకొద్దీ ఈ వలయాలు చిన్నవవుతాయి. తరంగదైర్ఘ్యంలో, అంటే ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉన్న దూరంలో, సగం లోతున కదలిక దాదాపు ఉండదు. లోతైన సముద్రంలో 10 సెకన్లకొకటి చొప్పున వచ్చే అలల తరంగదైర్ఘ్యం సుమారు 156 మీటర్లు, కాబట్టి 80 మీటర్ల లోతున వాటి ఊపు తెలియదు. బీచిరోడ్డున ప్రదర్శనశాలగా నిలిపిన కురుసుర వంటి జలాంతర్గామి లోతుకు మునిగినప్పుడు పైనున్న ఓడలంత ఊగకపోవడానికి కారణమిదే.

తీరానికి వచ్చేసరికి కథ మారుతుంది. నీటి లోతు తగ్గి, అడుగు నేల ప్రభావం పడి, అల వేగం తగ్గుతుంది, తరంగదైర్ఘ్యం కుదించుకుపోతుంది, ఎత్తు పెరుగుతుంది. చివరికి పైభాగం నిలవలేక ముందుకు పడి విరుగుతుంది. అక్కడ మాత్రం నీరే ముందుకు విసరబడుతుంది, బొండం ఇసుకలో వచ్చి పడుతుంది. అందువల్ల ‘అల నీటిని ఒడ్డుకు మోసుకొస్తుంది’ అనే వాక్యం విరిగే కెరటానికి చెల్లుతుంది గాని, తరంగానికి నిర్వచనంగా పనికిరాదు. తరంగం మోసుకుపోయేది శక్తిని, పదార్థాన్ని కాదు.

ఇక్కడే క్రియల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ‘ధ్వని తరంగాలు గాలిలో ప్రవహిస్తాయి’ అని జవాబుపత్రాల్లోనే కాదు, పత్రికల్లో కూడా కనబడుతోంది. ప్రవహించడం పదార్థం చోటు మారడం, నది ప్రవహిస్తుంది. తరంగం ప్రసరిస్తుంది, లేదా ప్రయాణిస్తుంది, కణం కంపిస్తుంది. ఆకాశవాణి కార్యక్రమాన్ని ప్రసారం అన్నవారు ఈ తేడా తెలిసే అన్నారు. ఆ రేడియో తరంగాలు, వెలుతురు, ఎక్స్ కిరణాలు ఇవన్నీ విద్యుదయస్కాంత తరంగాలు (విద్యుత్, అయస్కాంతం కలిసినప్పుడు తకారం దకారమవుతుంది, విడదీసి రాయనక్కరలేదు). వీటికి యానకం అక్కరలేదు. కంపించేవి కణాలు కావు, విద్యుత్ క్షేత్రమూ అయస్కాంత క్షేత్రమూ; అవి ప్రసార దిశకు లంబంగా కంపిస్తాయి కనుక ఇవి తిర్యక్ తరంగాలే. గాలి, నీరు, తాడు వంటి యానకం ఉంటేగాని సాగనివి యాంత్రిక తరంగాలు. యానకం అన్న మాటకు బదులు మాధ్యమం అని రాస్తే అర్థం చెడదు. కాని తెలుగులో మాధ్యమం బోధనకూ వార్తలకూ స్థిరపడింది, భౌతికశాస్త్రానికి యానకాన్నే ఉంచుకోవడం మేలు.

అల, కెరటం, తరంగం పర్యాయపదాలే. అయినా వాడుకలో వాటి తావులు వేరు. చెరువులో గాలికి లేచేవి అలలు. వాటిని కెరటాలని ఎవరూ అనరు. లేచి, వంగి, విరిగే పెద్ద సముద్రపు అలకు కెరటమన్న పేరు నప్పుతుంది. తరంగం నుంచి పుట్టిన తరగ ఇప్పుడు పద్యాల్లోనే మిగిలింది. ధ్వని విరగదు, నురగలు కక్కదు. కనుక ‘ధ్వని కెరటం’ కవిత్వంలో ఒప్పవచ్చు గాని శాస్త్రంలో నప్పదు. శాస్త్రం తరంగాన్ని ఎంచుకోవడానికి మరో కారణం సమాసాల సౌలభ్యం. తరంగదైర్ఘ్యం, తరంగవేగం, తరంగాగ్రం అని హాయిగా కట్టుకోవచ్చు. అలదైర్ఘ్యం అంటే చెవికి వైరి సమాసంలా (తెలుగు మాటనూ సంస్కృత మాటనూ అతికించినట్టు) తగులుతుంది; ‘అల పొడవు’ అనాలి, అది వ్యాఖ్యానానికి బాగుంటుంది. అన్నట్టు, ఇంగ్లీషులో వేవ్ ఉన్నదని వడగాలులను ‘వేడి తరంగం’ చేయడం మాత్రం నాకు ససేమిరా మింగుడుపడదు. ఉప్పెనను సునామీకి పర్యాయపదంగా వాడడమూ సరికాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన, అంటే తుపాను గాలికీ తగ్గిన వాయుపీడనానికీ సముద్రమట్టం ఉబ్బి నేలమీదికి రావడం. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూకంపం పుట్టించినది సునామీ. సముద్రగర్భం కదిలి అడుగునుంచి పైదాకా ఉన్న నీటినంతటినీ కదిలించే మహాదీర్ఘ తరంగమది.

తరంగం ఎగువ కొసను శృంగం అనీ, దిగువ కొసను ద్రోణి అనీ అంటారు. ద్రోణి అంటే దోనె. తుపాను రోజుల్లో మనం వినే అల్పపీడన ద్రోణి కూడా అదే మాట. అయితే ‘కంపన పరిమితి’ విషయంలో జాగ్రత్త అవసరం. ఇందులో పరిమితి అంటే హద్దు అని కాదు, కొలత అని. మధ్యస్థానం నుంచి కణం పొందే గరిష్ఠ స్థానభ్రంశాన్ని కొలవాలి. ద్రోణి నుంచి శృంగం దాకా కొలిస్తే దానికి రెట్టింపు వస్తుంది. ఈ గందరగోళానికి వాతావరణ వార్తలు కొంత కారణం. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వంటి సంస్థ అలలు 2 మీటర్ల ఎత్తు లేస్తాయని హెచ్చరించిందంటే అది ద్రోణి నుంచి శృంగం దాకా ఉన్న ఎత్తు. కంపన పరిమితి ఆ లెక్కన సుమారు 1 మీటరే.

పౌనఃపున్యంలో విసర్గ తప్పనిసరి. పునః పునః అంటే మళ్లీ మళ్లీ. మళ్లీ మళ్లీ జరగడం అనే భావం పౌనఃపున్యం. పకారానికి ముందున్న విసర్గ ఇక్కడ అలాగే నిలుస్తుంది కాబట్టి ‘పౌనపున్యం’ తప్పు. ఒకే పదం కాబట్టి ‘పౌనః పున్యం’ అని మధ్యలో ఎడమివ్వడమూ తప్పే. పలకడానికి కష్టమైతే పౌనప్‌పున్యం అన్నట్టు పకారాన్ని ఒత్తి పలికితే చాలు. ఒక సెకనులో ఎన్ని కంపనాలో అదే ఈ సంఖ్య, ప్రమాణం హెర్ట్జ్. ఒక్క కంపనానికి పట్టే సమయం ఆవర్తన కాలం. పౌనఃపున్యాన్ని తరంగదైర్ఘ్యంతో గుణిస్తే తరంగవేగం వస్తుంది. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కనుక, మన చెవికి వినబడే 20 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 17 మీటర్లు, 20,000 హెర్ట్జ్ ధ్వనిది 1.7 సెంటీమీటర్లు. ఈసారి బీచికి వెళ్లినప్పుడు మీ అమ్మాయిచేత నిమిషానికి ఎన్ని కెరటాలు విరుగుతున్నాయో లెక్కపెట్టించండి. ఆరు వస్తే ఆవర్తన కాలం 10 సెకన్లు, పౌనఃపున్యం 0.1 హెర్ట్జ్. తీరానికి వచ్చేటప్పుడు వేగమూ తరంగదైర్ఘ్యమూ తగ్గినా ఈ పౌనఃపున్యం మారదు. విరిగే గీత దగ్గర ఎంతో, దూరాన లోతునీటిలో అవే అలలకు అంతే.