టెక్ సందేహాలు: సోఫా క్లీనింగ్‌కు ఏ మెషిన్ కొనాలి?

ప్రశ్న: హనుమకొండలో ఇళ్లకు వెళ్లి సోఫాలు క్లీన్ చేసే పని మొదలుపెట్టాలనుకుంటున్నాను. స్టీమ్ మెషిన్ కొనాలా? వెట్ అండ్ డ్రై వాక్యూమ్ చాలా? ముందుగా మా ఇంట్లో ఉన్న కొత్తవాడ జంపఖానా మీద చేయి తిప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: జంపఖానా జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ దర్రీ అది, చేతి నేత. తడి తగిలితే రంగు దిగే ప్రమాదం ఉంటుంది. సోఫా అయినా ముందు ఈ పరీక్ష చేయాల్సిందే: వెనకవైపు కనిపించని చోట తెల్ల గుడ్డ తడిపి నిమిషం అదిమి పట్టండి. గుడ్డకు రంగు అంటితే నీళ్ల పద్ధతి వద్దు.

స్టీమ్ మెషిన్ మురికిని వదులు చేస్తుందే తప్ప బయటికి లాగదు. మీకు కావాల్సింది ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్. ఒకే హ్యాండిల్ నుంచి వేడినీళ్లు చల్లుతుంది, వెంటనే వెనక్కి పీల్చేస్తుంది. షాపులో అందరూ వాట్లే అడుగుతారు. మీరు ‘వాటర్ లిఫ్ట్ ఎంత?’ అని అడగండి. నీళ్లను ఎంత ఎత్తుకు లాగగలదో చెప్పే లెక్క అది. 100 అంగుళాలకు అటూఇటూ ఉంటే నమ్మకంగా పని చేసుకోవచ్చు. పంపు ప్రెషర్ 100 పీఎస్ఐ మించనక్కర్లేదు. ఎక్కువైతే నీళ్లు బట్ట దాటి స్పాంజిలోకి దిగుతాయి.

దిగితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. ముసురు పట్టిన రోజుల్లో ఒకరిని పిలిపించి సోఫా చేయించాం. నీళ్లు ధారాళంగా కొట్టారు, సరిగ్గా పీల్చలేదు. మూడో రోజు కుట్ల దగ్గర వేలితో నొక్కితే ఇంకా చెమ్మ. హాలంతా ముక్కిన వాసన. అందుకే మెషిన్‌తోపాటు ఒక బ్లోయర్ ఫ్యాన్ కూడా కొనండి. నీళ్లు చల్లి ఒకసారి లాగితే, చల్లకుండా ఉత్తినే రెండుసార్లు లాగండి. హ్యాండిల్ చివర పారదర్శకమైన మూత ఉన్న మోడల్ దొరికితే వదలొద్దు. ముందు చిక్కటి టీ రంగులో నీళ్లు పోతుంటాయి, క్రమంగా తేటపడతాయి. ఎక్కడ ఆపాలో మీ కళ్లే చెబుతాయి.

కరెంటు సంగతి మర్చిపోవద్దు. 2000 వాట్ల హీటర్, 1200 వాట్ల వాక్యూమ్ మోటారు కలిపి 230 వోల్టుల దగ్గర దాదాపు 14 ఆంపియర్లు లాగుతాయి. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే కాలిపోవచ్చు. ఏసీ లేదా గీజరు పాయింట్ ఉందా అని ఫోన్‌లోనే అడిగి బయల్దేరండి.

బోరు నీళ్లు హీటర్‌లో తెల్లటి పొలుసు కట్టిస్తాయి, ముదురు రంగు బట్టపై మరకలు వదులుతాయి. వీలైనంత వరకు నల్లా నీళ్లు వాడండి. సర్ఫ్ అసలే వద్దు. బట్టలో మిగిలిపోయిన సబ్బే దుమ్మును పట్టుకుని నెలకే సోఫాను మళ్లీ నల్లబరుస్తుంది. సోఫా బట్ట కోసమే అమ్మే అప్‌హోల్‌స్టరీ షాంపూ కొట్టేముందు పొడి వాక్యూమ్‌తో దుమ్మంతా లాగేయండి. తర్వాత షాంపూ కొట్టి ఐదు, పది నిమిషాలు నాననిచ్చి, మెత్తటి బ్రష్‌తో రుద్ది అప్పుడు లాగండి.

విదేశీ సోఫాల కింద చీటీ ఉంటుంది. ‘డబ్ల్యూ’ అంటే నీళ్లు వాడొచ్చు, ‘ఎస్’ అంటే డ్రైక్లీనింగ్ ద్రావకమే, ‘ఎక్స్’ అంటే వాక్యూమ్ ఒక్కటే. మన కార్పెంటర్లు చేసిన సోఫాలకు ఆ చీటీ ఉండదు కాబట్టి తెల్ల గుడ్డే మీకు దిక్కు. వెల్వెట్, పట్టు సోఫాలు చేయి తిరిగేదాకా ఒప్పుకోకండి.