మాల్దీవుల ప్రయాణం: పెట్టెలో దేవుడి విగ్రహం, డ్యూటీ ఫ్రీ సీసా, ఏజెంటు మాట

ప్రశ్న: మాది గుంటూరు. మేం భార్యాభర్తలం, 2007లో పుట్టిన అబ్బాయి, 11 ఏళ్ల అమ్మాయి కలిసి మాల్దీవులకు వెళ్తున్నాం. రెండు రాత్రులు మాఫుషి దీవిలో గెస్ట్‌హౌస్, రెండు రాత్రులు రిసార్టు. ప్యాకేజీ 2 లక్షల 40 వేలు, సగం అడ్వాన్సు కట్టాం. నేను రోజూ పూజ చేసుకునే చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం తీసుకెళ్లవచ్చా? శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో మా వారు ఒక సీసా కొంటానంటున్నారు, ఇబ్బందేమైనా ఉందా? అబ్బాయి దగ్గర వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) ఉందని ఈమధ్యే తెలిసింది. ఏజెంటు “అన్నీ ప్యాకేజీలోనే, అక్కడ రూపాయి కట్టక్కర్లేదు” అంటున్నాడు కానీ రాసివ్వమంటే దాటవేస్తున్నాడు. అక్కడ ఏదైనా సమస్య వస్తే మేం ఎవరిని అడగాలి?

జవాబు: అమ్మా, ముందుగా విగ్రహం సంగతి చెబుతాను. దయచేసి దాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్లండి. పూజకు వాడే విగ్రహాలు మాల్దీవుల కస్టమ్స్ నిషేధిత వస్తువుల జాబితాలో ఉన్నాయి. మద్యం, పంది మాంసం, దాంతో చేసిన పదార్థాలు, అశ్లీల సామగ్రి, ఇస్లాంకు విరుద్ధమైన సామగ్రి కూడా పర్యాటకులు వెంట తీసుకెళ్లకూడదు. విగ్రహం వెండిదా, ఇత్తడిదా, బొటనవేలంతదా అన్న తేడా ఏమీ లేదు. రాజధాని మాలే దగ్గరున్న వెలానా విమానాశ్రయంలో దిగాక సామాను ఎక్స్‌రే యంత్రం గుండా పోతుంది. లోహపు విగ్రహం ఆకారం తెర మీద స్పష్టంగా కనబడుతుంది కాబట్టి బట్టల మధ్య చుట్టి పెట్టడం వల్ల లాభం లేదు. పైగా దాచినట్టు కనిపిస్తే అధికారికి అనుమానం వస్తుంది. తీసుకున్న విగ్రహాన్ని తిరిగి ఇస్తారన్న భరోసాతో వెళ్లకండి. తరతరాలుగా ఇంట్లో పూజలందుకుంటున్న విగ్రహం పరాయి దేశపు కౌంటరు దగ్గర ఉండిపోతే ఆ బాధ తీర్చడం ఏ న్యాయవాది వల్లా కాదు.

దీని వెనక చట్టం ఉంది. 2008 నాటి మాల్దీవుల రాజ్యాంగం ప్రకారం ముస్లిం కానివారు అక్కడి పౌరులు కాలేరు. మత ఐక్యతను కాపాడేందుకంటూ 1994లో చేసిన చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఇతర మతాలవారు బహిరంగంగా పూజలు చేయడం, తమ మతాన్ని ప్రచారం చేయడం అక్కడ నేరం. గది తలుపు వేసుకుని మనసులో ధ్యానం చేసుకుంటే, ఫోన్‌లో మెల్లగా విష్ణు సహస్రనామం వింటే ఎవరూ అడ్డురారు. మంగళసూత్రం, బొట్టు, గాజులతో భయం లేదు, అవి విగ్రహాలు కావు. దేవుడి పటం, పంచడానికి తెచ్చారనిపించేలా కట్టకట్టిన స్తోత్రాల పుస్తకాలు మాత్రం వద్దు. మిఠాయిలు, పచ్చళ్లు నిషేధంలో లేవు కాబట్టి తిరుపతి లడ్డూ తినడానికి పట్టుకెళ్లవచ్చు. తులసి కొమ్మ, పూలు, పండ్లు పెట్టుకోకండి. మొక్కలకు సంబంధించినవాటికి వేరే క్వారంటైన్ నిబంధనలు ఉంటాయి.

ఇక సీసా. శంషాబాద్‌లో అమ్మడం చట్టబద్ధం, మాలేలో దింపడం చట్టవిరుద్ధం. డ్యూటీ ఫ్రీ వాళ్లు సీల్ చేసి ఇచ్చిన సంచి భద్రతా తనిఖీల కోసం మాత్రమే, అవతలి దేశం కస్టమ్స్‌కు అదేం అనుమతి పత్రం కాదు. సీసాను అక్కడ ఆపి రసీదు ఇస్తారు, తిరుగు ప్రయాణంలో తీసుకోవచ్చు. ఆ రసీదు పోగొట్టుకున్నా, తిరుగు విమానం వేళకు కౌంటరు దగ్గరికి వెళ్లే తీరిక లేకపోయినా సీసా మీద ఆశ వదులుకోవాల్సిందే. రిసార్టులో లైసెన్సుతో మద్యం అమ్ముతారు, అక్కడ తాగితే తప్పు లేదు. మాఫుషి మాత్రం స్థానికులు నివసించే దీవి, అక్కడ అమ్మకం, సేవనం రెండూ నిషేధం. రిసార్టులో కొన్నది పడవలో మాఫుషికి తెచ్చినా నేరమే. మీ ప్రయాణంలో మాఫుషి ముందా, రిసార్టు ముందా అన్నది చూసుకుని మీ వారికి ఈ విషయం విడమరిచి చెప్పండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఒకే దేశంలో, అరగంట పడవ ప్రయాణం దూరంలో, రెండు రకాల నియమాలు ఉంటాయని వాళ్లకు తోచదు.

అబ్బాయి వేప్ గురించి మీరు అడగడం మంచిదైంది. మీ ప్రశ్నలన్నిటిలోనూ అదే ఎక్కువ ప్రమాదకరమైనది. మాల్దీవులు వేప్ పరికరాల దిగుమతిని 2024 నవంబరు 15 నుంచి, వాడకాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని డిసెంబరు 15 నుంచి నిషేధించాయి. వాడుతూ దొరికితే 5,000 రుఫియాల జరిమానా పడుతుంది, అంటే సుమారు 320 డాలర్లు. ఈ నిషేధం వయసుతో సంబంధం లేకుండా పర్యాటకులకూ వర్తిస్తుంది. సిగరెట్టు అయితే ఫర్వాలేదు కదా అనుకోకండి. 2025 నవంబరు 1 నుంచి, 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు పొగాకు కొనడం, వాడడం అక్కడ నిషేధం. మీ అబ్బాయి ఆ గీతకు అవతల ఉన్నాడు. దుకాణదారు పాస్‌పోర్టు అడిగి పుట్టిన తేదీ చూస్తాడు. మీ వారు కొని అబ్బాయి చేతికి ఇవ్వడం కూడా కూడదు.

“మాలేలో ఆపినా తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చేస్తారటగా” అని అబ్బాయి వాదించవచ్చు. అప్పుడు మన దేశ చట్టం అడ్డొస్తుంది. 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం ప్రకారం వాటిని భారతదేశంలోకి తేవడం నేరం. మొదటిసారి అయితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే మాలేలో తిరిగి తీసుకున్న పరికరంతో శంషాబాద్‌లో దిగితే మరో కేసు. ఇంట్లోనే దాన్ని వదిలించుకోమనండి. వయసొచ్చిన పిల్లాడు కాబట్టి కేసు అతని పేరు మీదే పడుతుంది, మీ హామీతో పోదు.

మందుల విషయం మీరు అడగలేదు కానీ చెప్పాలి. ట్రమడాల్, అల్ప్రాజోలం, డయాజిపామ్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ వంటివి ఉంటే డాక్టరు చీటీ లేకుండా పెట్టుకోకండి. స్ట్రిప్పును దాని అట్టపెట్టెలోనే ఉంచండి, చీటీలో ఉన్న పేరు, పాస్‌పోర్టు పేరు ఒకటిగా ఉండాలి. ఉన్న రోజులకు సరిపడా మాత్రమే తీసుకెళ్లండి. ఆ దేశపు మాదకద్రవ్యాల చట్టం చాలా కఠినమైనది.

తీరం మీద ఏరిన పగడపు ముక్క, తాబేలు డిప్ప వంటివి తెచ్చుకోకూడదు. అక్కడి నుంచి తిరిగి బయల్దేరేటప్పుడు సామాను మళ్లీ స్కాన్ చేస్తారు. పగడాలు మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్లోనూ ఉన్నాయి కాబట్టి ఇక్కడా చిక్కే. అమ్మాయి గవ్వలు ఏరుకుంటే ఫొటో తీసి అక్కడే వదిలేయమనండి. మాఫుషి వీధుల్లో భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. ఈత దుస్తులకు పర్యాటకుల కోసం విడిగా కేటాయించిన తీరం ఉంది. డ్రోన్ ఎగరేయాలంటే ముందస్తు అనుమతి కావాలి.

కాగితాల సంగతి సులువే. భారతీయ పర్యాటకులకు 90 రోజుల వరకు వీసా ముందుగా అక్కర్లేదు, 1979 నాటి ఒప్పందం వల్ల వచ్చిన సౌకర్యమిది. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోండి. తిరుగు టికెట్, నాలుగు రాత్రుల బస నిర్ధారణ పత్రాలు అచ్చు తీసి దగ్గర ఉంచుకోండి. మాఫుషిది ఉండి రిసార్టుది లేకపోతే ఇమిగ్రేషన్ దగ్గర ప్రశ్నలు తప్పవు. ఇముగా అనే ఆన్‌లైన్ ప్రయాణ వివరాల ఫారం ఒక్కొక్కరికి ఒకటి, బయల్దేరే ముందు 96 గంటల లోపు నింపాలి. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. అది పూర్తిగా ఉచితం, ఫీజు అడిగిన వెబ్‌సైటు ఏదైనా నకిలీదే. మన ఇంటిపేర్ల చిక్కు ఇక్కడ వస్తుంది. టికెట్టులో పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉండి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉంటే ఫారంలో పాస్‌పోర్టు ప్రకారమే నింపండి, టికెట్టును ఏజెంటు చేత ఇప్పుడే సరిచేయించండి.

ఇప్పుడు డబ్బు. “రూపాయి కట్టక్కర్లేదు” అన్న మాటను నమ్మవద్దని ఎందుకంటున్నానో లెక్క చూడండి. 2025 జనవరి నుంచి గ్రీన్ టాక్సు రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్లు, 50 గదులు మించని గెస్ట్‌హౌస్‌లో 6 డాలర్లు. రెండేళ్లు నిండని పసిపిల్లలకే మినహాయింపు కాబట్టి మీ అమ్మాయికీ కట్టాలి. మీ నలుగురికి రిసార్టులో 96, గెస్ట్‌హౌస్‌లో 48, మొత్తం 144 డాలర్లు. తిండి ధరల పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే అసలు ధర మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 17 శాతం పర్యాటక జీఎస్టీ అని అర్థం. 100 డాలర్ల భోజనం బిల్లు 128 డాలర్ల 70 సెంట్లు అవుతుంది. దేశం వదిలేటప్పటి పన్ను, విమానాశ్రయ రుసుము కలిపి ఎకానమీలో మనిషికి 100 డాలర్లు, ఇది మామూలుగా టికెట్టులోనే ఉంటుంది. చివరగా రిసార్టుకు తీసుకెళ్లే పడవ లేదా సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) ఖర్చు. సీప్లేన్లు వెలుతురు ఉన్నంతసేపే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే దగ్గర హోటల్లో ఉండాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందే తేలాలి.

కాబట్టి మిగతా 1 లక్షా 20 వేలు కట్టేలోపు ఏజెంటుకు వాట్సాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ ఇలా రాయండి: “గ్రీన్ టాక్సు, సర్వీస్ చార్జి, జీఎస్టీ, రానూపోనూ పడవ లేదా సీప్లేన్, భోజనాలు — వీటిలో ఏవి ప్యాకేజీలో ఉన్నాయో, ఏవి లేవో రాసి పంపండి. రెండు బసల నిర్ధారణ సంఖ్యలు కూడా ఇవ్వండి.” ఆ సంఖ్యలతో గెస్ట్‌హౌస్‌కు, రిసార్టుకు మీరే నేరుగా ఈమెయిల్ చేసి మీ పేరున గది ఉందో లేదో అడగండి. ఇది చేయకుండా మిగతా డబ్బు కట్టకండి. డాలర్లు నగదుగా తన చేతికే ఇవ్వమంటే ఒప్పుకోవద్దు. కట్టేది బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో సంస్థ ఖాతాకే కట్టి జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లులో టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపన్ను) అని వసూలు చేస్తే అది మీ పాన్ మీద జమ కావాలి. ఆదాయపన్ను వెబ్‌సైటులోని మీ పన్ను జమల పత్రంలో కనబడితే రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కనబడకపోతే ఏజెంటు వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేయలేదని అనుమానించాలి.

మాట తప్పితే దావా మాలేలో వేయనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఏజెంటు ఏ ఊరివాడైనా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ముందుగా 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయండి. మాల్దీవుల్లో అదనంగా కట్టిన ప్రతి బిల్లూ దాచండి. వాట్సాప్ సంభాషణ సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, అందుకే ఆ ఫోన్‌ను మార్చకండి, చాట్ చెరపకండి. ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు.

అక్కడే ఎవరినైనా పోలీసులు ఆపితే, మాల్దీవుల రాజ్యాంగం 48వ అధికరణ మీకు అండ. అరెస్టు కారణం వెంటనే చెప్పాలి, 24 గంటల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి, 24 గంటల్లో జడ్జి ముందు హాజరుపరచాలి. న్యాయవాదిని పెట్టుకునే హక్కు, మౌనంగా ఉండే హక్కు ఉన్నాయి. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ కింద “మా హైకమిషన్‌కు తెలియజేయండి” అని అడగండి, అడిగితే వాళ్లు తెలియజేయాల్సిందే. అక్కడి ధివేహి భాషలో రాసిన కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం చేయకండి, దుభాషిని కోరండి. మాలేలోని భారత హైకమిషన్ అత్యవసర నంబరును నలుగురి ఫోన్లలోనూ, ఒక కాగితం మీదా రాసుకోండి. అక్కడ పోలీసులకు 119, అంబులెన్సుకు 102.