‘రెలిక్స్’ మీద రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాత పాటల సంకలనం ‘రెలిక్స్’ (1971) మీద తెలుగులో రాద్దామనుకోవడం బాగుంది. కానీ ఐదు పేజీల్లో మూడున్నర పేజీలు బృందం తొలి గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్ మతి చలించిన కథతోనే నిండిపోయాయి. ఆల్బమ్ నాలుగో పేజీలో గానీ రాలేదు. వచ్చాక కూడా “తొలినాళ్ల ఆణిముత్యాల సంకలనం” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ మాట ఏ సంకలనానికైనా అతుకుతుంది, అందుకే కొట్టేశాను.

సంకలనం అంటేనే ఎవరో కొన్ని పాటలు ఏరి, కొన్ని పక్కన పడేసి, మిగిలినవాటిని ఒక వరుసలో కూర్చిన సరుకు. దాని మీద రాసేటప్పుడు ఆ ఏరడం, వదిలేయడం, కూర్చడం ఎలా జరిగాయో చూడాలి. పాటలు బాగున్నాయో లేదో ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

ముందు ఒక కాగితం మీద పట్టిక గీసుకో. పదకొండు పాటలకు పదకొండు వరుసలు. ఒక్కో పాటకూ రాసింది ఎవరు, రికార్డు చేసింది ఎప్పుడు, మొదట దేని మీద వచ్చింది, గిటార్ ఎవరిది, నిడివి ఎంత అన్నవి నింపు. ఫోన్‌లో కాదు, కాగితం మీదే. అన్నీ ఒకేసారి కళ్లముందు ఉంటేనే వాటి మధ్య లంకె కనబడుతుంది.

పట్టిక నిండాక లెక్క చూడు. ఇది బారెట్ ఆల్బమ్ అని రాశావు కదా. బారెట్ ఒక్కడే రాసినవి మూడు: ‘ఆర్నల్డ్ లేన్’, ‘సీ ఎమిలీ ప్లే’, ‘బైక్’. బాస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్ ఒక్కడే రాసినవి నాలుగు: ‘జూలియా డ్రీమ్’, ‘సిరస్ మైనర్’, ‘ది నైల్ సాంగ్’, ‘బైడింగ్ మై టైమ్’. కీబోర్డులు వాయించే రిచర్డ్ రైట్‌వి రెండు: ‘రిమెంబర్ ఎ డే’, ‘పెయింట్ బాక్స్’. మిగిలిన రెండూ బృందమంతా కలిసి కట్టినవి. వాటిలో ‘ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్’లో బారెట్ ఉన్నాడు. ‘కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్, యూజీన్’ నాటికి అతని చోట గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వచ్చేశాడు. అంటే ఈ రికార్డు మీద అందరికన్నా ఎక్కువ పాటలు వాటర్స్‌వే. నీ మూడున్నర పేజీలు నిలవకుండా పోయింది ఇక్కడే.

ఇప్పుడు వరుస చూడు. ఎల్పీ రికార్డు మొదటి వైపు ఐదు పాటలూ 1967లో రికార్డయినవే, ఐదింటిలోనూ బారెట్ గిటార్ ఉంది. ‘రిమెంబర్ ఎ డే’ 1968 జూన్‌లో రెండో ఆల్బమ్ మీద వచ్చింది కాబట్టి అది గిల్మర్ కాలపు పాట అని చాలామంది పొరబడతారు, నువ్వూ పొరబడ్డావు. విడుదల తేదీ, రికార్డింగ్ తేదీ రెండు వేర్వేరు గడుల్లో రాసుకోమనేది అందుకే. రెండో వైపు 1968, 1969ల్లోకి వెళ్తుంది, బారెట్ కనబడడు. అలా ఐదు పాటలు గడిచాక, చివర్లో ఉన్నట్టుండి 1967 నాటి ‘బైక్’ పెట్టారు. వరుస కూర్చినవాళ్లు కావాలనే కాలక్రమం తప్పించిన చోటు అది. ‘బైక్’ మొదటి ఆల్బమ్‌కీ ఆఖరి పాటే. దాన్ని ఇక్కడా ఆఖరునే ఉంచారు. రెండు నిమిషాలు కూడా తిరక్కుండానే పాట అయిపోతుంది. తర్వాత గడియారాలు, గంటలు, బాతు అరుపో నవ్వో తేలని టేపు లూపు ఒకటి. దాని వెనక ఇంకే పాట పెట్టినా తేలిపోయేది. నీ వ్యాసంలో ‘బైక్’ ఊసే లేదు.

వదిలేసినవి ఇంకా ఆసక్తిగా ఉంటాయి. 1967, 1968ల్లో ఈ బృందం ఇంగ్లండ్‌లో ఐదు సింగిల్స్ వేసింది. సింగిల్ అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డు; ముందువైపు అసలు పాట ఏ-సైడ్, వెనకవైపుది బీ-సైడ్. మొదటి రెండూ అమ్ముడుపోయాయి: ‘ఆర్నల్డ్ లేన్’ 20వ స్థానానికి, ‘సీ ఎమిలీ ప్లే’ 6వ స్థానానికి చేరాయి. తర్వాతి మూడూ చార్టు ముఖం చూడలేదు. అవి ‘యాపిల్స్ అండ్ ఆరెంజెస్’, ‘ఇట్ వుడ్ బీ సో నైస్’, ‘పాయింట్ మీ ఎట్ ది స్కై’. ‘రెలిక్స్’లో ఆ మూడింటి ఏ-సైడ్లు ఒక్కటీ లేవు, మూడింటి బీ-సైడ్లూ ఉన్నాయి: ‘పెయింట్ బాక్స్’, ‘జూలియా డ్రీమ్’, ‘కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్, యూజీన్’. రేడియోలో ఆడాలని చేసిన పాటలు పోయాయి. రికార్డు వెనక్కి తిప్పితే తప్ప వినబడనివి మిగిలాయి. 1971 నాటికి బృందం ఎటు పోతోందో దీనికన్నా బాగా చెప్పే ఆధారం నీకు దొరకదు. నీ వ్యాసానికి ఇదే వెన్నెముక అవ్వాలని నా అభిప్రాయం. కాదనుకుంటే కాదను, కానీ ఎందుకు కాదో రాయి.

కొన్న శ్రోతకు ఏం కొత్తగా దక్కింది అన్నదీ లెక్కగట్టాలి. ఇంగ్లండ్‌లో అప్పటిదాకా ఆల్బమ్‌లన్నీ కొన్నవాడికి కూడా ఇందులో ఆరు రికార్డింగులు కొత్తవి: మొదటి రెండు సింగిల్స్, ఆ మూడు బీ-సైడ్లు, అంతకుముందు ఎక్కడా రాని ‘బైడింగ్ మై టైమ్’. అమెరికాలో లెక్క వేరు. అక్కడ తొలి ఆల్బమ్‌ను మార్చి అచ్చేశారు. ‘సీ ఎమిలీ ప్లే’ చేర్చి, ‘ఆస్ట్రొనమీ డొమినే’, ‘ఫ్లేమింగ్’, ‘బైక్’ తీసేశారు. కాబట్టి ఆ ఆల్బమే చేతిలో ఉన్న అమెరికా శ్రోతకు ‘బైక్’ కొత్త పాట, ‘ఎమిలీ’ పాతది. “అందరికీ తెలిసిన పాటలు” అని రాసేముందు ఏ దేశంలో ఎవరికి అని ఒకసారి అడుగు.

ఎందుకు వేశారో రెండు మూడు వాక్యాల్లో చెప్తే చాలు. బృందం ఆల్బమ్ ‘ఆటమ్ హార్ట్ మదర్’ 1970 అక్టోబరులో వచ్చి ఇంగ్లండ్‌లో ఒకటో స్థానానికి వెళ్లింది. తర్వాతి ఆల్బమ్ ‘మెడిల్’ వచ్చేది 1971 చివర్లో. ఆ మధ్య ఖాళీలో, 1971 మే నెలలో రికార్డు కంపెనీ ఈఎంఐ తన చవక రికార్డుల లేబుల్ స్టార్‌లైన్ మీద దీన్ని దింపింది. అది ఇంగ్లండ్ చార్టులో 32 దాకా వెళ్లింది. మన ఇళ్లలో హెచ్‌ఎంవీ కుక్కబొమ్మతో తిరిగిన రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కూడా అప్పట్లో ఈఎంఐ గూటిదే. పాత పాటలు ఏరి కొత్త అట్టలో పెట్టి అమ్మడం మన పాఠకుడికి కొత్త సంగతేం కాదు, దాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక శబ్దం. ఇక్కడే చాలా వ్యాసాలు దెబ్బతింటాయి. రాసేవాడు విన్నది ఒక ప్రతి, చదివేవాడి దగ్గరున్నది ఇంకో ప్రతి. ‘ఆర్నల్డ్ లేన్’, ‘సీ ఎమిలీ ప్లే’ మోనోగా, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేలా తయారైన పాటలు. 1971 ఎల్పీ మీద వాటిని దొంగ స్టీరియోగా మార్చి వేశారు. ఈ మార్పు మామూలుగా ఎలా చేసేవారంటే, మోనో టేపును రెండుగా చీల్చి, ఒక చానెల్‌లో బాస్ పెంచి, ఇంకో చానెల్‌లో ట్రెబుల్ పెంచి, మధ్యలో సెకనులో చిన్న వంతు ఆలస్యం కలిపేవారు. హెడ్‌ఫోన్‌లో వింటే గొంతు మధ్యలో నిలబడకుండా పక్కకు జారినట్టు, గదిలో ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఉంటుంది. అది విని “కలలో తేలిపోతున్న గాత్రం” అని రాశావు. ఆ తేలడం బారెట్‌ది కాదు, ఈఎంఐ ఇంజనీరుది. 1996 సీడీలో ఈ రెండు పాటలూ మోనోలోనే ఉన్నాయి, ముందు అవి విను.

నీ దగ్గరున్న ఫైలు ఏ రకమో తేల్చుకోవడానికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. పాట తెరిచి, ట్రాక్ మెనూలో స్టీరియోను రెండు మోనో ట్రాకులుగా విడదీయి. ఒకదాన్ని మాత్రం ఎంచుకుని ఇన్‌వర్ట్ ఎఫెక్ట్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) వేసి, రెండూ కలిపి వాయించు. ఏమీ వినబడకపోతే అసలు మోనో. ఎంపీత్రీ అయితే సన్నటి బుసలాంటిది మిగలొచ్చు, దాన్ని పట్టించుకోకు. గొంతు, బాస్ లాంటి నడిమధ్య శబ్దాలు మాయమై పక్కవి మిగిలితే నిజమైన స్టీరియో. గొంతుతో సహా అంతా పలచగా, బోలుగా మిగిలితే దొంగ స్టీరియో. చిటికెలో అయిపోయే పని ఇది. ఇది చేయకుండా మిక్సింగ్ గురించి ఒక్క విశేషణం కూడా వాడకు.

వినేటప్పుడు షఫుల్ ఆపు. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపు, లేకపోతే ‘సిరస్ మైనర్’ పక్షుల మొదలు కరిగిపోతుంది. శబ్దం స్థాయిని సమం చేసే సెట్టింగూ ఆపు. ‘సిరస్ మైనర్’ నెమ్మదికీ ‘ది నైల్ సాంగ్’ రొదకీ మధ్య ఉన్న తేడా ఆ సెట్టింగు చేతిలో సగం అయిపోతుంది. ఐదో పాట తర్వాత ఆపి, లేచి, కాసేపాగి రెండో వైపు మొదలుపెట్టు. మొత్తం 49 నిమిషాల చిల్లర. మొదటి వైపు 23న్నర నిమిషాల్లో ‘ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్’ ఒక్కటే 9:43. రెండు మూడు నిమిషాల సింగిల్స్ మధ్య అంత పొడుగు వాయిద్యం పెట్టారంటే, చవక రికార్డు కొన్నవాడికి బృందం రెండు ముఖాలూ ఒకే వైపున చూపించారన్నమాట.

వర్ణనకు మూడు పాటలే తీసుకో. పదకొండూ వర్ణించబోతే ఎనిమిదో పాటకు మాటలు అయిపోయి మళ్లీ “మత్తెక్కించే” దగ్గరికి వస్తావు. ఆ విశేషణం నీ వ్యాసంలో ఇప్పటికే ఆరుసార్లుంది.

‘ఇంటర్‌స్టెల్లర్’కి దాని ఆకారం చెప్పు. దిగుతూ వచ్చే గిటార్ మెట్లు మొదటి నిమిషం చుట్టుపక్కల విడిపోతాయి. తర్వాత తాళం ఉన్నా లేనట్టుండే పొడుగు నడక. ఆఖర్లో అదే మెట్ల వరుస తిరిగొస్తుంది. స్టీరియో ప్రతిలో అది ఒక చెవి నుంచి ఇంకో చెవికి ఊగుతూ వస్తుంది. మోనోలో ఆ ఊగడం ఉండదు కాబట్టి ఏ ప్రతి విన్నావో వ్యాసంలోనే చెప్పేయి.

‘యూజీన్’కి బాస్ నుంచి మొదలుపెట్టు. డి స్వరం ఒక్కటే, కింది స్థాయిలో ఒకసారి, పై స్థాయిలో ఒకసారి, పాటంతా అదే. తంబురా శ్రుతి ఆగకుండా మోగుతుంటే పైన మిగతావాళ్లు మెల్లగా పోగైనట్టుంటుంది. ఈ పోలిక మన పాఠకుడికి వెంటనే అందుతుంది. కానీ అక్కడితో ఆగు. దానికి రాగం పేరు తగిలించకు, ఏ రాగలక్షణమూ పాటించని వాయిద్యం అది. వాటర్స్ కేక ఏ నిమిషం ఏ సెకనులో వస్తుందో, దానికి ముందు డ్రమ్స్ ఏం చేస్తున్నాయో రాసుకో. కేక గురించి అందరూ రాస్తారు, ముందరి గుసగుస గురించి రాసేవాళ్లు తక్కువ.

మూడోది ‘సిరస్ మైనర్’ అయితే బాగుంటుంది. డ్రమ్స్ లేవు. పక్షుల కూతలు ఈఎంఐ సౌండ్ ఎఫెక్టుల సేకరణలోవి. అవే పక్షులు బృందం ఇంకో పాట ‘గ్రాంచెస్టర్ మెడోస్’లోనూ కూస్తాయి. పాట సగం అయ్యాక గొంతు ఆగిపోయి రైట్ ఆర్గన్ ఒక్కటే మిగులుతుంది. ఆ మలుపు ఒక్కటి సరిగ్గా రాయగలిగితే పేరా నిలబడుతుంది.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా చెప్తా. ‘యూజీన్’ చాలా రూపాల్లో ఉంది. ‘ఉమ్మగుమ్మ’ ఆల్బమ్‌లోది కచేరీది, దీనికన్నా పొడుగు. ‘జాబ్రిస్కీ పాయింట్’ సినిమాకు చేసింది వేరే పేరుతో ఉంటుంది. ‘రెలిక్స్’లోది 1968 డిసెంబరు సింగిల్ వెనకవైపుది, ఆరు నిమిషాల లోపే. నిడివి చూసుకోకపోతే ఒకటి విని ఇంకొకదాని గురించి రాస్తావు. ‘రిమెంబర్ ఎ డే’లో డ్రమ్స్ వాయించింది బృందం డ్రమ్మర్ నిక్ మేసన్ కాదు, ప్రొడ్యూసర్ నార్మన్ స్మిత్. ‘ఆర్నల్డ్ లేన్’ ప్రొడ్యూసర్ మాత్రం జో బాయ్డ్. ‘ఎ నైస్ పెయిర్’ తొలి రెండు ఆల్బమ్‌లను జంటగా కట్టినది, దాన్ని దీంతో కలపకు. యాప్‌లలో ఒక్కో పాట పక్కన కనబడే 1971 సంకలనం ఏడాదే, పాటది కాదు.

బారెట్‌కు రెండు వాక్యాలు ఉంచు: 1968 జనవరిలో గిల్మర్ చేరాడు, ఏప్రిల్‌లో బారెట్ వెళ్లిపోయినట్టు ప్రకటించారు. జబ్బు పేరు పెట్టకు, అది డాక్టర్ల పని. పాటల లైన్లు దించకు. ‘ఆర్నల్డ్ లేన్’ తీగల మీద ఆరేసిన ఆడవాళ్ల బట్టలు దొంగిలించే మనిషి కథ అని నీ మాటల్లో చెప్తే పాఠకుడికి అందుతుంది. దాన్ని రేడియో లండన్ ఎందుకు వేయనందో కూడా అదే వాక్యంలో తేలిపోతుంది.

అట్ట గురించి ఒక పేరా చాలు. ఇంగ్లండ్ అట్ట మీద బొమ్మ మేసన్ గీసిందే. అక్కర్లేని గొట్టాలు, చక్రాలు తగిలించిన యంత్రమొకటి, ఆర్కిటెక్చర్ చదివినవాడి గీత. 1996 సీడీకి అట్టల డిజైనర్ స్టార్మ్ థోర్గర్సన్ ఆ బొమ్మను నిజంగానే నమూనాగా కట్టించి ఫొటో తీయించాడు. అమెరికా అట్ట ఇది కాదు, పక్కన పెట్టే ఫొటో సరైనదో కాదో చూసుకో.

మొత్తం 1200 పదాల్లో తేల్చు. ఏ-సైడ్, బీ-సైడ్ లెక్కతో మొదలుపెట్టి, ఎంపికకూ వరుసకూ కలిపి 500 ఇవ్వు. శబ్దానికి 250, మూడు పాటలకు 350, మిగతావన్నీ ఉన్న జాగాలో సర్దు. ఈసారి పంపేటప్పుడు పట్టిక ఫొటో కూడా జతచెయ్యి. ముందు అది చూసి, తర్వాతే వ్యాసం చదువుతాను.

మీ అన్న