డోసిటాక్సెల్ ఆపి పీఎల్‌కే1 మందు కోసం చూడాలా?

ఆపవద్దండి. కర్నూలులో మీ నాన్నగారికి ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇస్తున్న డోసిటాక్సెల్ అనే కీమో ఇంజెక్షన్లు మాన్పించి, ప్రయోగశాలలో ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను చంపిందని మీరు చదివిన పీఎల్‌కే1 నిరోధకం కోసం ప్రయత్నించాలా అని అడిగారు. అనంతపురంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేను అలాంటి మందునే ఈ కణాలపై పరీక్షించాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే కండె పోగులు సరిగా ఏర్పడాలంటే పీఎల్‌కే1 అనే ఎంజైమ్ కావాలి. దాన్ని అడ్డుకుంటే విభజన నడిమధ్యలో ఆగిపోతుంది.

మేం వాడినవి పీసీ-3 కణాలు. ఎముకకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ నుంచి తీసి పెంచినవి, పురుష హార్మోను లేకున్నా పెరుగుతాయి. 96 గుంతల ప్లేటులో కణాలు వేసి, వరుసకొక మోతాదు చొప్పున మందు కలిపి, ఒక వరుసకు మాత్రం మందు కరిగించిన ద్రావకమే ఇచ్చి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతాం. ఎండాకాలం కరెంటు పోతే జనరేటర్ అందుకునేదాకా దాని తలుపు ఎవరినీ తెరవనిచ్చేవాళ్లం కాదు. చివర్లో ఎంటీటీ అనే పసుపు ద్రావణం పోస్తే, బతికున్న కణాలు దాన్ని ఊదా స్ఫటికాలుగా మారుస్తాయి. మోతాదు పెరిగే కొద్దీ వరుస వరుసకూ ఊదా పలచబడటం మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆశ, ఆ వార్త చదివినప్పుడు మీకూ కలిగి ఉంటుంది.

అయితే రంగు తగ్గినంత మాత్రాన కణాలు చచ్చాయని కాదు. విభజన ఆగి వాటి సంఖ్య పెరగకపోయినా రంగు తగ్గుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే, అడుగుకు అతుక్కుని సాగి ఉండాల్సిన కణాలు గుండ్రంగా లేచి కనిపించాయి. విభజన మధ్యలో చిక్కుకున్నాయన్నమాట. అలా చిక్కుకున్నవాటిలో కొన్ని చస్తాయి, కొన్ని చీలకుండానే తప్పించుకుని బతుకుతాయి. మందు కడిగేసి, తాజా పోషక ద్రవంలో మళ్లీ పెంచి చూస్తేనే ఎన్ని మిగిలాయో తేలుతుంది. నన్నడిగితే అసలు పరీక్ష అదే, వార్తల్లో రానిదీ అదే.

పైగా ప్లేటులో ఎముక మజ్జ ఉండదు. మనిషిలో అక్కడ రక్తకణాలు నిత్యం విభజన చెందుతూనే ఉంటాయి. బీఐ 2536, వోలాసెర్టిబ్ వంటి పీఎల్‌కే1 నిరోధకాలను రోగులకు ఇచ్చినప్పుడు తెల్ల రక్తకణాలు పడిపోయింది అందుకే. ఒన్వాన్సెర్టిబ్ అనే మరో పీఎల్‌కే1 నిరోధకాన్ని, పురుష హార్మోను తయారీని అడ్డుకునే అబిరటెరోన్ మందుతో కలిపి ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల్లో పరీక్షించారు. కానీ ఈ రకం మందు ఏదీ ఈ జబ్బుకు ఇంకా ఆమోదం పొందలేదు.

మీ నాన్నగారికి ఎక్కిస్తున్న డోసిటాక్సెల్ కూడా విభజన దగ్గరే దెబ్బకొడుతుంది. కండె పోగులను విడిపోనివ్వకుండా బిగించేస్తుంది. ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ఆయుష్షు పెంచుతుందని రోగుల్లోనే రుజువయ్యాక 2004లో అమెరికాలో దానికి ఆమోదం ఇచ్చారు. మీరు వెతుకుతున్న దారిలోనే రుజువైన మందు ఇది.

కొత్త మందుల పరీక్షలు మన దేశంలో ఎక్కడ జరుగుతున్నాయో సీటీఆర్‌ఐ (మన దేశంలో మందుల పరీక్షలను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ప్రొద్దుటూరు నుంచి తర్వాతి విడతకు వెళ్లినప్పుడు ఆ వివరాలు డాక్టరుగారికి చూపించి, నాన్నగారికి సరిపోతుందా అని అడగండి. ఈలోగా ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. డోసిటాక్సెల్‌తోనూ తెల్లకణాలు తగ్గుతాయి కాబట్టి, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.